వినపడనివారికీ మీ నాటకం అందాలంటే

చిరంజీవి మేనల్లుడికి,

మహబూబ్‌నగర్ నుంచి మామయ్య ఆశీస్సులు. నల్లగొండలో మీరు వేసే పౌరాణికానికి వినికిడి లోపం ఉన్నవాళ్లను కూడా పిలుస్తున్నామని రాశావు. ఎంత సంతోషమైందో! అయితే సైగల భాష వచ్చినవారిని ఒకరిని పక్కన నిలబెడితే చాలన్నావు. అది చాలదు నాయనా. వయసు మీద పడి వినికిడి తగ్గిన పెద్దలకు సైగలు రావు. పద్యమంటే ప్రాణమిచ్చే వాళ్లు, ఒకప్పుడు మన నాటకాలకు ముందు వరుసలో కూర్చున్నవాళ్లు. వాళ్లకు కావలసింది తెర మీద అక్షరాలు.

మాటలూ పద్యాలూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, స్లయిడుకు రెండు వరుసలు మించకుండా విడగొట్టు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఒత్తులూ గుడులూ ఒకదానికొకటి తగలకుండా వరుసల మధ్య ఎడం ఎక్కువ ఉంచు. హాలు చివర కూర్చుని నువ్వే చదివి చూడు. ఎవరి మాటో పేరు వేయి. తెర వెనుక శంఖం మోగితే అదీ రాయి.

అసలు కష్టం పద్యం దగ్గరే. నటుడు చివరి పాదం మీద రాగం తీస్తుంటే, అలవాటు లేని కుర్రాడు పద్యం అయిపోయిందనుకుని తర్వాతి స్లయిడు వేసేస్తాడు. దుర్యోధనుడు ఇంకా రాగంలోనే ఉంటాడు, కృష్ణుడి జవాబు జనం చదివేస్తారు! రాగం సాగినంతసేపూ ఆ పాదమే ఉండాలి, వన్స్‌మోర్ పడితే వెనక్కి వెళ్లాలి. ఆ కుర్రాణ్ణి మొదటి రిహార్సల్ నుంచే హార్మోనియం పక్కన కూర్చోబెట్టు.

పెదవుల కదలికను బట్టి గ్రహించేవాళ్లూ వస్తారు. మనవాళ్లు పద్యం అందుకోగానే మైకు ముందుకు వచ్చి నోరు కప్పేసుకుంటారు. పైనుంచి వేలాడే మైకులు పెట్టించు. మీసాలు పెదవి మీదికి దిగకుండా కత్తిరించమని మేకప్ ఆయనతో చెప్పు.

చెవి మిషన్ మాటతో పాటు తబలానూ ఫ్యాన్ల మోతనూ పెంచుతుంది. హాలు చుట్టూ తీగ వేసి, మైకులోని మాటను నేరుగా మిషన్‌కు చేర్చే లూప్ పద్ధతి ఒకటుంది కానీ, టెలికాయిల్, అంటే ఆ తీగ నుంచి వచ్చే సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట, ఉన్న మిషన్లకే అది పనికొస్తుంది. ఉన్న డబ్బు ముందు అక్షరాలకే పెట్టు.

సైగల భాషలో పెరిగినవాళ్లకు గ్రాంథిక పద్యం చదవడం కష్టం కావచ్చు, కాబట్టి దుబాసీలు కూడా కావాలి. ఒక్కరైతే అలసిపోతారు, వంతులేసుకోవడానికి ఇద్దరిని మాట్లాడు. పద్యాల తాత్పర్యం నెల ముందే వాళ్ల చేతిలో పెట్టు. వాళ్లు నిలబడే చోట వెలుగు ఆరకూడదు.

సాంస్కృతిక జీవితంలో ఇతరులతో సమానంగా పాల్గొనే హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. తెర కట్టడానికి హాలువాళ్లు ఒప్పుకోకపోతే ఆ సంగతి మర్యాదగా చెప్పు.

పోస్టరు మీద ఉత్త ఫోను నంబరు వేస్తే వినపడనివాళ్లు ఏం చేస్తారు? వాట్సాప్‌లో సందేశం పంపవచ్చని రాయించు, జవాబివ్వడానికి ఒకరిని పెట్టు. తెర కొలతలు, హాలు పొడవు రాసి పంపితే అక్షరం ఎంత ఉండాలో చెబుతాను.

మీ మామయ్య