మూడేళ్ల సైకిల్ లైటు ఎందుకు మసకబారింది?

ప్రశ్న: మూడేళ్ల కిందట వెయ్యి ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) సైకిల్ లైటు కొన్నాను. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి, కాలువ కట్ట మీదుగా యాభై నిమిషాలు తొక్కి డ్యూటీకి చేరుకుంటాను. వీధిదీపాలు లేని దారి కావడంతో మొదటి నుంచీ పూర్తి వెలుగులోనే వాడుతున్నాను. కొత్తలో గంట దాటి వెలిగేది. ఇప్పుడు అరగంటకే ఎర్ర చుక్క మెరుస్తోంది, ఆ తరవాత వెలుగు సగానికి పడిపోతోంది. ఎల్ఈడీ పాడైనట్టేనా? కొత్త లైటు కొనాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ఎల్ఈడీ మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదు. మీరు చెప్పిన లెక్కన ఈ మూడేళ్లలో ఆ లైటు వెలిగింది సుమారు 900 గంటలు. మితిమీరి వేడెక్కనంతవరకు ఎల్ఈడీ వేల గంటలపాటు నిలుస్తుంది. అరిగిపోయింది లోపలి లిథియం అయాన్ సెల్లు.

ఇలాంటి లైట్లలో ఎక్కువగా ఉండేది 18650 అనే సెల్లు; 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కనుక దానికా పేరు. మంచి సెల్లు సామర్థ్యం 3,400 ఎంఏహెచ్ అనుకుంటే, అందులో నిలవ ఉండే శక్తి సుమారు 12 వాట్ అవర్లు. ఒక వాట్‌కు రమారమి వంద ల్యూమెన్లు వస్తాయనుకున్నా, వెయ్యి ల్యూమెన్లకు పది వాట్లు కావాలి. కాబట్టి మీకు కొత్తలో గంటకు పైగా వెలుగు రావడం లెక్కకు సరిపోయింది. కానీ ఆ వాడకంలో సెల్లు దాదాపుగా రోజుకొకసారి ఖాళీ అయి, మళ్లీ నిండింది. ఈ రకం సెల్లుకు తయారీదారులు సాధారణంగా చెప్పే ఆయుర్దాయం 300 నుంచి 500 చార్జింగులు. ఆపైన సామర్థ్యం ఎనభై శాతానికి, అంతకన్నా కిందికి జారుతుంది. మీది ఈపాటికి తొమ్మిది వందలు దాటి ఉంటుంది. నిజానికి మీరే ఎదురు రుణపడేంతగా ఆ సెల్లు మీకు చాకిరీ చేసింది.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. పూర్తిగా చార్జి చేసి, అన్నిటికన్నా తక్కువ వెలుగులో ఎన్ని గంటలు వెలుగుతుందో గమనించండి. కొత్తలో వచ్చిన సమయంలో సగమే వస్తే సెల్లు సామర్థ్యం తగ్గినట్టు. తక్కువ వెలుగులో బాగానే నడిచి, ఎక్కువ వెలుగులో మాత్రం త్వరగా చేతులెత్తేస్తే సెల్లు లోపలి నిరోధం పెరిగినట్టు. అంటే శక్తి ఉన్నా ఒక్కసారిగా ఇవ్వలేకపోతోందన్నమాట. రెండిటికీ మందు ఒకటే, సెల్లు మార్చడం. అలా కాక, సైకిలు ఆపి ఉంచినప్పుడు మాత్రమే వెలుగు తగ్గి, తొక్కుతుంటే సర్దుకుంటే అది లోపం కాదు. గాలి తగలక వేడెక్కిన లైటు తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గించుకుంటుంది.

వెనక మూత తిప్పితే సెల్లు బయటకు వచ్చే లైటయితే మీ అదృష్టం, కొత్త లైటు కొనే పనే లేదు. అయితే బజారులో 18650 సెల్లు మీద 9,900 ఎంఏహెచ్ అని అచ్చువేసి అమ్ముతుంటారు. ఆ సైజులో 3,500 దాటడమే అరుదు కాబట్టి, అలాంటి అంకె కనబడితే సెల్లు కింద పెట్టి వచ్చేయండి. రక్షణ సర్క్యూటు ఉన్న సెల్లు మూడు నాలుగు మిల్లీమీటర్లు పొడవుగా ఉంటుంది, మీ గొట్టంలో పడుతుందో లేదో ముందే కొలుచుకోండి. లోపలే బిగించేసిన సెల్లయితే సొంతంగా టంకం పెట్టే ప్రయత్నం చేయవద్దు. ఆ వేడి సెల్లును పాడుచేస్తుంది, ప్రమాదం కూడా.

ఇక అసలు సంగతి. ఆ కట్ట మీద మీకు వెయ్యి ల్యూమెన్లు అవసరమా? గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సెకనుకు అయిదు మీటర్లు దొర్లుతారు. ఎదురుగా గేదె అడ్డుగా కనబడితే, గమనించి బ్రేకు నొక్కేలోపు అయిదు మీటర్లు, ఆగడానికి మరో నాలుగయిదు మీటర్లు పోతాయి. కాబట్టి ఇరవై మీటర్ల దాకా దారి స్పష్టంగా కనబడితే చాలు, దానికి సరైన కోణంలో పెట్టిన 300 ల్యూమెన్లు సరిపోతాయి. ఆ వెలుగు మెట్టులో ఒక చార్జింగు మీకు నాలుగు రోజులు వస్తుంది, అంటే ఏడాదికి సుమారు తొంభై చార్జింగులే. గుంతలున్న చోటో, కుక్కలు తరిమే మలుపులోనో ఒక్క నిమిషం పూర్తి వెలుగు పెట్టుకోండి. చార్జింగు కూడా ఇంటికి రాగానే కాక, లైటు చల్లబడ్డాక పెట్టండి. 45 డిగ్రీలు దాటిన సెల్లుకు చార్జింగు ఎక్కించకూడదు. మే నెల ఎండలో హ్యాండిలుకే వదిలేసిన లైటు ఆ హద్దు తేలిగ్గా దాటేస్తుంది. నెలల తరబడి వాడనప్పుడు సగం చార్జితో, నీడపట్టున ఉంచండి.

ప్రశ్న: ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉన్న సైకిల్ ట్రాక్ మీద రాత్రిళ్లు తొక్కుతాను. ఎదురుగా వచ్చేవాళ్లు నా లైటు చూసి కేకలేస్తున్నారు. వెలుగు ఎక్కువైతే భద్రతే కదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కేకలేసేవారి పక్షమే నాది. 2023లో 23 కిలోమీటర్లతో మొదలైన ఆ సోలార్ పైకప్పు ట్రాక్ రెండు దిక్కులా నడుస్తుంది. ఎదుటివారు మీకు చేయి చాపితే అందేంత దగ్గరగా వెళతారు. ఆ దూరంలో కళ్లల్లో పడ్డ వెలుగుకు వాళ్లు కొన్ని సెకన్లపాటు నేలను చూడలేరు, ఆ తడబాటులో తగిలేది మీ సైకిలుకే.

ల్యూమెన్లు చెప్పేది లైటు నుంచి వెలువడే మొత్తం వెలుగు. అది ఎటు పోతోందన్నది అద్దం, రిఫ్లెక్టరు తేలుస్తాయి. టార్చిలాగా గుండ్రంగా వెలిగే లైటులో సగం వెలుగు ఆకాశానికే పోతుంది. జర్మనీ నిబంధనల ప్రకారం తయారైన సైకిల్ లైట్లలో, కారు డిమ్ లైటులాగా, వెలుగు పై అంచు గీత గీసినట్టు ఆగిపోతుంది. మిణుకు మిణుకుమనే ముందు లైటును అక్కడ అసలు ఒప్పుకోరు. కొత్తది కొనేటప్పుడు అలాంటిది చూడండి.

ఈలోపు ఉన్నదాన్నే సరిచేసుకోవచ్చు. సైకిలును నిటారుగా నిలబెట్టించి, లైటు వేసి, పది మీటర్ల దూరంలో మీరే ఎదురుగా నిలబడి కొంచెం వంగి చూడండి. ఎల్ఈడీ చుక్క సూటిగా కంట్లో గుచ్చుకుంటుంటే, అది గుచ్చుకోనంతవరకు లైటు మూతిని కిందికి వంచండి. దీపాలున్న చోట వంద ల్యూమెన్లు చాలు. బిగింపు రబ్బరు పాతబడితే గతుకులకు లైటు కోణం మెల్లగా మారిపోతుంది, నెలకొకసారి ఈ పరీక్ష మళ్లీ చేయండి.

ప్రశ్న: ఇప్పటి లైట్లకన్నా పాత డైనమోనే మేలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మా నాన్నగారి సైకిలుకు టైరుకు ఆనుకుని గుర్రుమనే డైనమో ఉండేది. వాలులో వేగం పెరిగితే బల్బు మాడేది, ఆగితే చీకటి. ఇప్పుడు ముందు చక్రం హబ్బులోనే (చక్రం నడిమి భాగంలోనే) అమర్చే డైనమోలు వచ్చాయి. 6 వోల్టులు, 3 వాట్లు. ఆగినా కొన్ని నిమిషాలు వెలిగే ఏర్పాటు లైటులోనే ఉంటుంది. ఇరవై గంటల గడువుండే 300 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ యాత్రలు) తొక్కేవారికి అది మంచి పెట్టుబడి. రోజూ గంటలోపు తొక్కేవారికి చక్రం మార్పించేంత అవసరం లేదు.

ప్రశ్న: వానలో తడిశాక లైటు అద్దం లోపల ఆవిరి పడుతోంది. బియ్యం డబ్బాలో పెట్టమంటున్నారు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బియ్యం వండుకోండి. సిలికా జెల్ పొట్లాలతో పాటు మూత బిగువైన డబ్బాలో రెండు రోజులు ఉంచండి. లైటు మీద నీటి రక్షణ గుర్తు ఐపీఎక్స్4 అని రాసి ఉంటే తుంపరలకు మాత్రమే హామీ. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట. ఆ హామీ కూడా చార్జింగు రంధ్రం మీది రబ్బరు మూత గట్టిగా ఉన్నంతకాలమే. మీది సముద్రపు గాలి కనుక ఆ రంధ్రంలో ఆకుపచ్చని మరక కనిపిస్తే అది చిలుము. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే వైరు పెట్టండి. ఒకసారి నీరు చేరిన లైటును మాత్రం రాత్రంతా పడకగదిలో చార్జింగులో వదిలేయకండి.