కెనడా పీఆర్‌కు పని అనుభవం రుజువులు: మూతపడిన హన్మకొండ కంపెనీ, వీసాలో వేరే వృత్తి ఉన్న దుబాయ్ ఉద్యోగం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. సివిల్ ఇంజినీరింగ్ చదివి హన్మకొండలో ఒక నిర్మాణ సంస్థలో రెండేళ్లు సైట్ ఇంజినీర్‌గా చేశారు. జీతం సగం బ్యాంకులో పడేది, సగం చేతికిచ్చేవారు. ఆ సంస్థ ఇప్పుడు లేదు. తర్వాత దుబాయ్‌లో మూడేళ్లు అదే పని చేశారు కానీ వీసాలో వృత్తి కార్పెంటర్ అని ఉంది. అక్కడి హెచ్‌ఆర్ ఇచ్చింది రెండు లైన్ల లెటర్. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్, అంటే నైపుణ్యం ఉన్నవాళ్లకు కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) ఇచ్చే పథకం కింద ఈ అనుభవం చెల్లుతుందా అని అడుగుతున్నారు. చెల్లుతుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాగితాలు మాత్రం సరిపోవు.

ముందు దేనికి ఎంత విలువ ఉందో చూసుకోండి. కనీస అర్హతకు గత పదేళ్లలో ఒకే వృత్తిలో ఆగకుండా ఏడాది కావాలి: వారానికి 30 గంటల చొప్పున 1,560 గంటలు, జీతం తీసుకుని చేసిన పని. సైట్ మీద వారానికి 60 గంటలు చేసినా 30 దాటినవి లెక్కకు రావు. 67 మార్కులు తెచ్చుకోవలసిన పట్టికలో అనుభవానికి ఏడాదైతే 9, రెండు మూడేళ్లకు 11, నాలుగైదేళ్లకు 13, ఆరు ఆపైన 15. ర్యాంకింగ్ స్కోరు, అంటే సీఆర్‌ఎస్‌లో, విదేశీ అనుభవానికి మూడేళ్ల దగ్గరే గీత గీశారు. భాష పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ (కెనడా భాషా స్థాయి కొలమానం) 9 ఉంటే, భాష, అనుభవం కలిపి ఒకటి రెండేళ్లకు 25, మూడేళ్లు ఆపైన 50.

అంటే దుబాయ్ మూడేళ్లు నిండుగా ఉంటే హన్మకొండ రెండేళ్లు కలిపినా కలపకపోయినా సీఆర్‌ఎస్ మారదు. పట్టికలో 13 బదులు 11 వస్తుంది, అంతే. ఆ 11తో 67 దాటుతున్నారంటే హన్మకొండ ఉద్యోగాన్ని పదేళ్ల వ్యక్తిగత చరిత్రలో తప్పకుండా చూపించి, దానికి పాయింట్లు అడగకుండా ఉండటమే నా సలహా. బలహీనమైన రుజువుతో పాయింట్లు అడిగితే, ఆఫీసరు దాన్ని కొట్టేశాక మిగిలిన స్కోరు మీకు పిలుపొచ్చిన డ్రా (స్కోరును బట్టి పిలుపులు పంపే విడత) కటాఫ్ కన్నా తగ్గితే దరఖాస్తు మొత్తం తిరస్కరిస్తారు.

అయితే 'నిండుగా' అన్నది పాస్‌పోర్టు ముద్రలు ముందు పెట్టుకుని లెక్కేయండి. మన దిక్కు గల్ఫ్‌కు పోయినోళ్లు రెండేళ్లకోసారి వచ్చి రెండు మూడు నెలలు ఉండిపోవడం మామూలే. ఆ సెలవుకు జీతం రాకపోతే ఆ నెలలు అనుభవంలో కలపకండి. మూడేళ్లలోంచి రెండు నెలలు పోయినా మీరు రెండేళ్ల గడిలోకి జారిపోతారు, 25 పాయింట్లు పోతాయి. మీ లెక్క అలా తేలితే హన్మకొండ రుజువులు కూడగట్టాల్సిందే.

ఇక లెటర్. కంపెనీ లెటర్‌హెడ్ మీద చిరునామా, ఫోను, ఈమెయిల్ ఉండాలి. లోపల పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ పేరు, చేసిన ప్రతి హోదా, దేనికదే మొదలైన తేదీ, ముగిసిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, ఏడాది జీతం, అదనపు సౌకర్యాలు, విధుల వివరం. చివర సంతకం చేసిన మేనేజరు లేదా హెచ్‌ఆర్ అధికారి పేరు, హోదా. ఫుల్ టైమ్ అని రాసి వదిలేస్తే చాలదు, గంటలు అంకెల్లో పడాలి. మన దగ్గర ఎక్కువగా ఎగిరిపోయేవి రెండు: గంటలు, సంతకం కింద పేరు. రబ్బరు స్టాంపు, దాని మీద గీత లాంటి సంతకం ఉంటే ఎవరిని అడిగి నిర్ధారించుకోవాలో ఆఫీసరుకు తెలియదు.

విధుల దగ్గర ఎక్కువ టైం పెట్టండి, ఎందుకంటే ఎన్‌ఓసీ కోడ్ (కెనడా వృత్తుల జాబితాలో మీ పనికి ఉన్న నంబరు) హోదాను బట్టి కాదు, చేసిన పనిని బట్టి తేలుతుంది. సైట్ ఇంజినీర్ అన్న ఒక్క హోదా మూడు కోడ్లలో దేనికైనా పోవచ్చు. ప్రాజెక్టు ప్లానింగ్, డిజైన్, స్పెసిఫికేషన్లు, పని షెడ్యూలు పెట్టడం, టెండర్ పత్రాలు చూడటం మీ పనైతే 21300, సివిల్ ఇంజినీర్లు. బార్ బెండింగ్ షెడ్యూలు, క్వాంటిటీలు, ఖర్చు అంచనా, లెవెల్స్ తీయడం, క్యూబ్ టెస్టులు, డ్రాయింగ్ ప్రకారం పని జరుగుతోందా అని తనిఖీ చేయడం ఎక్కువైతే 22300, సివిల్ ఇంజినీరింగ్ టెక్నాలజిస్టులు, టెక్నీషియన్లు. మేస్త్రీలకు, కూలీలకు పని పంచి నడిపించడమే ప్రధానమైతే 72014, నిర్మాణ పనుల సూపర్‌వైజర్ల వైపు చూడండి. కోడ్‌లో రెండో అంకె నైపుణ్య స్థాయి చెబుతుంది, 0 నుంచి 3 వరకు ఈ పథకానికి పనికొస్తాయి. మూడూ అర్హమైనవే కాబట్టి గొప్పగా కనబడుతుందని 21300 ఎంచుకోవలసిన అవసరమే లేదు. ఆ కోడ్ పెట్టి, లెటర్‌లో కాంక్రీటు పోయించడం, హాజరు చూడటం మాత్రమే ఉంటే అక్కడే ఫైలు ఆగిపోతుంది.

ఎన్‌ఓసీ పేజీలోని వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు దింపకండి. అలా దింపిన లెటర్లు వాళ్లు రోజూ చూస్తారు, అనుమానిస్తారు కూడా. ఆరు నుంచి పది విధులు, మీ ప్రాజెక్టు కనబడేలా రాయండి: ఎన్ని అంతస్తుల భవనం, మీ కింద ఎంతమంది, ఆర్‌ఏ బిల్లులకు (జరిగిన పనికి విడతలుగా పెట్టే బిల్లులు) కొలతలు ఎవరు తీశారు, ఎవరు ఆమోదించారు. ఈ ముసాయిదా మీరే తయారుచేసి హెచ్‌ఆర్‌కు పంపడంలో తప్పులేదు. నిజాలు సరిచూసుకుని సంతకం పెట్టాల్సింది వాళ్లు.

దుబాయ్ కంపెనీని అడిగేటప్పుడు ఒక ఆధారం మీ పక్షాన ఉంది. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన యూఏఈ కార్మిక చట్టం ప్రకారం, ఒప్పందం ముగిశాక కార్మికుడు అడిగితే యజమాని రుసుము తీసుకోకుండా అనుభవ పత్రం ఇవ్వాలి. అందులో చేరిన తేదీ, ముగిసిన తేదీ, హోదా లేదా పని స్వభావం, చివరి జీతం ఉంటాయి. గంటలు, విధుల జాబితా ఉండాలని ఆ చట్టం అనదు. అందుకే ఆ రెండూ విడిగా రాసి, మర్యాదగా, ఈమెయిల్‌లోనే అడగండి. ఇవ్వం అంటే ఆ జవాబు దాచుకోండి, అది కూడా పత్రమే. అప్పుడు మీ పాత మేనేజరు తన పేరు, హోదా, మీతో కలిసి పనిచేసిన కాలం, మీ విధులు, గంటలు రాసి నోటరీ చేయించిన ప్రకటన ఇవ్వాలి. దాన్ని కంపెనీ ఇచ్చిన రెండు లైన్ల లెటర్‌కు జత చేస్తారు.

వీసాలో కార్పెంటర్ అని పడటానికి కారణం చాలామందికి ఒకటే: ఇంజినీర్ వృత్తితో వీసా కావాలంటే డిగ్రీ అటెస్టేషన్ కావాలి, కంపెనీ అన్నాళ్లు ఆగదు. ఈ తేడాను దాచొద్దు. వీసాలో వృత్తి ఇలా నమోదైంది, వాస్తవంగా చేసిన పని ఇది అని కంపెనీ లెటర్‌లోనే ఒక వాక్యం రాయించండి. అదే విషయం మీ వివరణ లేఖలో మీరూ రాయండి. ఆఫర్ లెటర్, సైట్ ఐడీ కార్డు, మీ పేరుతో ఉన్న తనిఖీ రిపోర్టులు తోడు పెట్టండి. లేబర్ కాంట్రాక్టు, డబ్ల్యూపీఎస్ (యూఏఈ జీతాల చెల్లింపు వ్యవస్థ) ద్వారా జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు కూడా కావాలి. ఆ దేశం వదిలి ఖాతా మూసేశాక స్టేట్‌మెంటు తెప్పించుకోవడం చాలా కష్టం. ఇంకా అక్కడే ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే బయల్దేరే ముందే ముద్ర వేయించి తెచ్చుకోండి. అరబిక్‌లో మాత్రమే ఉన్న కాగితానికి ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి అఫిడవిట్ కావాలి. ఇంట్లోవాళ్లు చేసిన అనువాదం చెల్లదు.

హన్మకొండ సంస్థ విషయానికొస్తే, మూతపడిందని ముందు కాగితంతో చూపాలి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ స్థితి కనబడుతుంది. ప్రొప్రైటర్ సంస్థ అయితే జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీ నంబరు కొడితే రద్దయిన తేదీ వస్తుంది. ఆ పేజీని ప్రింటు తీయండి. పాత యజమాని హన్మకొండలోనో కాజీపేటలోనో ఉంటే ఆయన చేతే అఫిడవిట్ ఇప్పించండి, ఆయన దొరక్కపోతే మీ పైన పనిచేసిన ఇంజినీర్ చేత. కోర్టు దగ్గర నోటరీలు ఇచ్చే రెడీమేడ్ నమూనాలో విధులు ఉండవు, మీ ముసాయిదా తీసుకుని వెళ్లండి. ఇచ్చినవారి గుర్తింపు కార్డు కాపీ, పనిచేసే ఫోను నంబరు జతచేయండి.

సగం చేతికిచ్చిన జీతం గురించి కంగారు అక్కర్లేదు. జీతం ఎంతన్నదానికి పాయింట్లు లేవు, జీతం తీసుకుని చేసిన పనేనా అన్నదే వాళ్లకు కావాలి. అందుకని బ్యాంకులో ఎంత, చేతికి ఎంత అని లెటర్ విడదీసి చెప్పాలి. బ్యాంకులో 12,000 పడుతుంటే లెటర్‌లో 25,000 అని ఊరికే ఉంటే పొంతన కుదరదు. ఇప్పుడు పాత తేదీలతో పేస్లిప్పులు తయారు చేయించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తప్పుడు సమాచారం కింద తేలితే ఐదేళ్ల నిషేధం పడుతుంది, ఆ ఐదేళ్లు పీఆర్‌కు దరఖాస్తు కూడా చేయలేరు. కొన్ని కన్సల్టెన్సీలు అమ్మే అనుభవ పత్రాలకూ ఇదే వర్తిస్తుంది.

పీఎఫ్ లేదని భయపడేవాళ్లు ఉంటారు. 20 మందికన్నా తక్కువ ఉన్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు, ఆ ముక్క వివరణ లేఖలో రాస్తే సరిపోతుంది. ఫారం 26ఏఎస్ (మీ పేరున కట్టిన పన్ను వివరాలు చూపే ఆదాయపన్ను పత్రం) మాత్రం తీసి చూడండి. టీడీఎస్ 192 సెక్షన్ కింద ఉంటే జీతం. 194జే కింద ఉంటే మిమ్మల్ని ఉద్యోగిగా కాక వృత్తి సేవలిచ్చేవాడిగా చూపించారన్నమాట. ఈ పథకంలో స్వయం ఉపాధి అనుభవం కూడా చెల్లుతుంది, కానీ మీ మాట ఒక్కటే సరిపోదు: ఒప్పందం, బిల్లులు, డబ్బు ముట్టిన ఆధారం, పని చేయించుకున్నవారి లెటర్ కావాలి.

పేస్లిప్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇద్దరూ ఒకరే అని ఒక అఫిడవిట్ చేయించి పెట్టండి.

దరఖాస్తు చేయమని ఆహ్వానం వచ్చాక 60 రోజులే గడువు, లెటర్ల వేట అప్పుడు మొదలుపెడితే అందదు. ప్రొఫైల్ వేసేముందే అన్నీ చేతిలో ఉండాలి. ఒక్కో యజమానికి ఒక్కో పీడీఎఫ్ చేయండి: ముందు లెటర్, తర్వాత వివరణ, ఆపైన కాంట్రాక్టు, పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు. ఫైలు 4 ఎంబీ దాటకూడదు కాబట్టి నలుపు తెలుపులో స్కాన్ చేసి, లెటర్‌హెడ్ పేజీ ఒక్కటి రంగుల్లో ఉంచండి.