మా వాడు ఏజెంట్ అవ్వాలా, సర్వేయర్ అవ్వాలా? దేనికి పవర్ ఎక్కువ?

ఖమ్మం నుంచి ఒక తండ్రి గారి ప్రశ్న. అబ్బాయి మెకానికల్ బీటెక్ అయిపోయి ఏడాది దాటింది, ఉద్యోగం లేదు. బావమరిదేమో ఇన్సూరెన్స్ ఏజెన్సీ తీసుకోమంటున్నాడు, కొలీగ్ ఒకాయన క్లెయిమ్‌లో నష్టాన్ని లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ లైసెన్స్ తెచ్చుకోమంటున్నాడు. "చట్టప్రకారం ఎవరికి పవర్ ఎక్కువ, ఎవరికి విలువ ఎక్కువ" అని అడిగారు.

సార్, ఈ ప్రశ్న నాకు ఊరు మారి వస్తుంది గానీ విషయం మారదు. మీరు పవర్ అని రాశారు గానీ మీ బాధ అది కాదు, రేపు సంబంధం వాళ్లొచ్చి అబ్బాయి ఏం చేస్తున్నాడంటే ఏం చెప్పాలా అని. తప్పు లేదు, కానీ అంత పొడుగు మెసేజ్‌లో మీ వాడికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. బావమరిది అభిప్రాయం ఉంది, కొలీగ్ అభిప్రాయం ఉంది, చేయాల్సినవాడిది లేదు!

సరే, ఏజెంట్ సంగతి. ఏజెంట్ కంపెనీ తరఫున పాలసీ చేయిస్తాడు, అంతే. పాలసీ ఇవ్వాలా వద్దా, క్లెయిమ్ పాస్ చేయాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో ఉండదు. 1997లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఎల్ఐసీ కేసు ఒకటుంది, పాలసీదారు ప్రీమియం కోసం ఏజెంట్‌కి బేరర్ చెక్ (ఎవరు తీసుకెళ్తే వాళ్లకి డబ్బులిచ్చే చెక్) ఇచ్చాడు, ఏజెంట్ అది మార్చుకున్నాడు, ఆఫీసులో కట్టేలోపే ఆ పాలసీదారు యాక్సిడెంట్‌లో పోయాడు. ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంట్‌కి లేదు కాబట్టి ఏజెంట్‌కి ఇస్తే కంపెనీకి కట్టినట్టు కాదని కోర్టు తేల్చేసింది. మన ఊళ్లలో ఇప్పటికీ "ఏజెంట్‌కి ఇచ్చేశాం లెండి" అని నిశ్చింతగా కూర్చునేవాళ్లు ఎంతమందో!

ఇప్పుడు నాకు అనుమానం ఉన్న దాని గురించి కొంచెం ఎక్కువే చెప్తా. ఫోన్ తెరిస్తే చాలు, ఇంట్లో కూర్చుని పాలసీలు అమ్మండి, మీకు మీరే బాస్ అని యాడ్స్. 15 గంటల ట్రైనింగ్‌తో పీఓఎస్పీ, అంటే తేలికపాటి పాలసీలు అమ్మే పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్ అయిపోవచ్చు, నిజమే. కానీ అంత తేలిగ్గా దొరికేదానికి పోటీ ఎంతుంటుందో ఆలోచించండి. మొదట్లో చుట్టాలూ ఫ్రెండ్సూ మొహమాటానికి చేస్తారు, ఆ లిస్ట్ అయిపోయాక అసలు పని మొదలవుతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. టార్గెట్ కోసం మొదటి ప్రీమియం తన జేబులోంచి కట్టేస్తుంటారు, అది ఇన్సూరెన్స్ యాక్ట్ సెక్షన్ 41 కింద నిషేధం, జరిమానా 10 లక్షల దాకా ఉంది. "షుగర్ ఉందని రాయొద్దండీ" అని ప్రపోజల్ ఫారం నింపేస్తారు, క్లెయిమ్ రోజున ఏడ్చేది ఆ కుటుంబం. ఇంకోటి, మా కింద చేరు, నీ కింద పదిమందిని చేర్చు అంటే ఆ మల్టీలెవల్ పద్ధతి సెక్షన్ 42ఏ ప్రకారం నిషేధం. బావమరిది చెప్పేది అలాంటిదేనేమో కనుక్కోండి. అలాగని ఏజెంట్ పని చిన్నదని కాదు, ఏళ్ల తరబడి నిజాయితీగా చేసి రెన్యూవల్ కమీషన్ మీదే పిల్లల్ని చదివించుకున్నవాళ్లు నాకు తెలుసు. మాట కలిపే గుణం ఉండాలి.

సర్వేయర్‌కైతే చట్టంలోనే చోటుంది. 1938 ఇన్సూరెన్స్ యాక్ట్ సెక్షన్ 64యూఎం ప్రకారం నష్టం ఒక పరిమితి దాటితే లైసెన్స్ ఉన్న సర్వేయర్ రిపోర్ట్ కావాలి. ఫీజు కంపెనీ ఇస్తుంది గానీ లెక్క మాత్రం ఎవరి పక్షానా ఉండకూడదు. గ్యారేజ్‌కి వెళ్లి గుద్దుకున్న కారు చూస్తాడు, ఎస్టిమేట్‌లో ఏది ఈ యాక్సిడెంట్‌దో ఏది పాత సొట్టో విడదీస్తాడు, మామూలు పాలసీలో ప్లాస్టిక్ బంపర్‌కి తరుగు (వాడకం వల్ల విలువ తగ్గిందని క్లెయిమ్‌లో కోసేది) సగం, గ్లాస్‌కి తరుగు లేదు, ఇలా ఒక్కో పార్ట్ లెక్క. అటు మెకానిక్ కోపం, ఇటు ఓనర్ కోపం.

అయితే ఆయన మాటే ఫైనల్ కాదండోయ్. వేరే మొత్తానికి సెటిల్ చేసే హక్కు అదే సెక్షన్‌లో కంపెనీకి ఉంది, రిపోర్టే ఆఖరి మాట కాదని 2009లో సుప్రీంకోర్టూ చెప్పింది. అలాగని రిపోర్ట్ నచ్చలేదని, తమకి కావాల్సిన లెక్క వచ్చేదాకా కంపెనీ సర్వేయర్లని మారుస్తూ పోకూడదని కూడా అదే ఏడాది ఇంకో కేసులో చెప్పింది. కాబట్టి పవర్ అంటే అంతే సార్, ఇది గవర్నమెంట్ ఉద్యోగం కాదు, నెల జీతమూ కాదు. సీనియర్ సర్వేయర్ దగ్గర ట్రైనింగ్ కాలంలో డబ్బులు పెద్దగా రావు, ఇంట్లో మీరు సణక్కుండా ఉండాలి.

పరీక్షల వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నా. మెకానికల్ చదివినవాడికి మోటార్ సర్వే సహజంగా కలిసొచ్చే పనే, ఇన్సూరెన్స్ రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఆఫీసూ సర్వేయర్ల ఇన్‌స్టిట్యూటూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి, ఏడాది ఖాళీగా ఉన్నంత మాత్రాన ఏమీ మునిగిపోలేదు. కంగారు పడకండి, వాణ్ణి కంగారు పెట్టకండి. తెలిసిన సర్వేయర్‌ని బతిమాలి ఒక వారం ఆయన వెంట గ్యారేజ్‌లకి పంపండి, ఆ గ్రీజూ ఆ గొడవా చూశాక కూడా వెళ్తానంటే అప్పుడు ఫీజు కట్టండి. తర్వాత ఏమైనా డౌట్స్ ఉంటే మెసేజ్ మీరు కాదు, వాణ్ణే పెట్టమనండి.