కడపలో ఇంటి మీద సోలార్ పెట్టించుకోవచ్చా? ముందు మీ కరెంటు బిల్లు తీసి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కడపలో సొంత ఇల్లు, నెలకు సుమారు 350 యూనిట్ల వాడకం. "మూడు కిలోవాట్లు పెట్టించుకోండి, బిల్లు సున్నా వస్తుంది" అని ఒకాయన ఇంటికొచ్చి చెప్పి వెళ్ళాడు. ఆ మాట నమ్మొచ్చా, మన ఎండలకు సోలార్ బాగా పనిచేస్తుంది కదా అని అడిగారు.

మాది అనంతపురం. 2024 సెప్టెంబరులో మా మిద్దె మీద మూడు కిలోవాట్లు పెట్టించాం. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఆ అలవాటు కొద్దీ రోజూ సాయంత్రం సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) మీద కనపడే రీడింగ్ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఆ పుస్తకం పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను. నా మాట ఏమిటంటే, తప్పకుండా పెట్టించుకోండి. కానీ మీ వాడకానికి రెండు కిలోవాట్లు చాలు. మూడోది మీకు లాభం కాదు, ఆ అమ్మేవాళ్ళకు లాభం.

ఎందుకో చెప్తాను. మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటుకు యూనిట్ ధర ఒకటే ఉండదు. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్లు మాత్రమే ఖరీదవుతాయి, కింద వాడినవాటి ధర మారదు. మీ 350 యూనిట్లకు ఈ లెక్క ప్రకారం ఎనర్జీ చార్జీ సుమారు 2,110 రూపాయలు. ఇంధన సర్దుబాటు, ఫిక్స్‌డ్ చార్జీ లాంటివి వేరే.

ఇప్పుడు రెండు కిలోవాట్లు పెట్టారనుకోండి. మన ప్రాంతంలో ఒక కిలోవాటు రోజుకు సగటున నాలుగు యూనిట్ల పైనే ఇస్తుంది. రెండుకు నెలకు 250 వేసుకోండి. మీరు బయటి నుంచి కొనేది 100 యూనిట్లు మిగులుతుంది. దాని ధర 304 రూపాయలు. అంటే నెలకు 1,800 మిగిలినట్టు. సోలార్ కోసేది ముందుగా పైనున్న 8.75 రూపాయల యూనిట్లను, తర్వాత 6 రూపాయల యూనిట్లను. అందుకే అంత ఆదా కనిపిస్తుంది. మూడో కిలోవాటు పెడితే? అది తీసేసేది మిగిలిన ఆ చవక యూనిట్లను. దానివల్ల అదనంగా మిగిలేది మహా అయితే ఆ 304 రూపాయలే. అక్కడి నుంచి ఇంకా మిగిలితే ఆ యూనిట్లు లైనులోకి పోతాయి. వాటికి కట్టిచ్చే ధర మనం పై శ్లాబులో కొనే ధరకు దరిదాపుల్లో ఉండదు.

సబ్సిడీ కూడా ఇదే దారిలో ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000 మాత్రమే ఇస్తారు. మొత్తం 78,000 దాటదు. మాకు మూడు కిలోవాట్లకు 1,95,000 అయింది. సబ్సిడీ పోను 1,17,000. మాకు బిగించిన మనిషే రెండు కిలోవాట్లకు 1,38,000 చెప్పాడు, సబ్సిడీ పోతే 78,000 అయ్యేది. నెలకు 1,800 మిగిలితే ఆ 78,000 మూడున్నరేళ్ళలో తిరిగొచ్చేస్తుంది. తేడా 39,000 మాత్రం నెలకు మూడొందల చొప్పున రావాలంటే పదేళ్ళు దాటుతుంది. ఈ లెక్క నేను ముందే వేసుకుని ఉంటే రెండే పెట్టించేవాళ్ళం. ఆ టైమ్‌లో ఇంట్లో అందరికీ "బిల్లు సున్నా" అన్న మాటే చెవిలో పడింది.

ఒక్క సందర్భంలో మాత్రం మూడు పెట్టించుకోమంటాను. మీ ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో రాత్రంతా ఏసీ నడుస్తుంటే, అప్పుడు వాడకం 480 దాకా పోతుంటే, ఆ నెలల్లో మూడో కిలోవాటు ఏడు వందల దాకా మిగులుస్తుంది. రెండు ఏసీలు ఉన్నవాళ్ళకు అది లెక్కలోకి వస్తుంది. మీరు రాసిన 350 సగటా, వేసవి లెక్కా అన్నది చూసుకోండి.

తాడిపత్రిలో మా తమ్ముడు కూడా పెట్టించుకుంటానన్నాడు. వాడి వాడకం 120 యూనిట్లు, ఎనర్జీ చార్జీ నాలుగు వందలు కూడా కాదు. సొంత డబ్బుతో పెట్టొద్దురా అని గట్టిగా చెప్పాను. తక్కువ వాడేవాళ్ళ దగ్గర కోయడానికి ఖరీదైన యూనిట్లే ఉండవు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టించే ఏర్పాటు, బీసీలకు కిలోవాటుకు 10,000 చొప్పున 20,000 దాకా అదనపు సాయం రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ కోవలో ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది, ముందు అది కనుక్కోండి.

ఇక ఎండ సంగతి. మన సీమలో ఎండలు మండిపోతాయి కాబట్టి మే నెలలో మీటరు గిరగిరా తిరుగుతుందని నేనూ అనుకున్నాను, సైన్స్ చెప్పే మనిషినై ఉండి కూడా. నా పుస్తకంలో ఉన్నది వేరు. 2025 ఫిబ్రవరి చివర, మార్చిలో రోజుకు 14, 14.5 యూనిట్లు వచ్చాయి. మే నెలలో 43 డిగ్రీలు కాసిన రోజుల్లో 12.8, 13. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసి ఉండే వాట్లు, ప్యానెల్ లోపలి సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. ఆపైన ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతూ పోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 12 నుంచి 16 శాతం అక్కడే పోయినట్టు. అందుకే ప్యానెళ్ళను మిద్దెకు ఆనించి బిగించనివ్వొద్దు. కింద గాలి ఆడాలి. మాది ఏడడుగుల ఎత్తు స్ట్రక్చర్. జులైలో మబ్బులు, ఈదురుగాలులు పట్టినప్పుడు తొమ్మిది, పది యూనిట్లకు పడిపోయింది. ఆ నెల చూసి కంగారు పడకండి, సంవత్సరం మొత్తం కలిపి చూడాలి.

ఎత్తు స్ట్రక్చర్ అనేసరికి మా అత్తమ్మకు బెంగ పట్టుకుంది. మిద్దె మీద వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి, మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి అని. ఆమె అడిగింది న్యాయమైన మాట. కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల చోటు పోతుంది. మిద్దెకు తూర్పు వైపు ఒక అంచు ఆమెకు వదిలిపెట్టి మిగతా చోట బిగించమన్నాం. దానివల్ల వచ్చిపడిన చిక్కు ఇంకొకటి. ప్యానెళ్ళు పడమటకు జరిగి వాటర్ ట్యాంకుకు దగ్గరయ్యాయి. డిసెంబరులో మధ్యాహ్నం మూడు దాటేసరికి ట్యాంకు నీడ రెండు ప్యానెళ్ళ మీద పడటం మొదలైంది. రీడింగ్ రెండు యూనిట్లు తగ్గింది. ప్యానెళ్ళన్నీ సిరీస్‌లో కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడితే నష్టం దానితో ఆగదు, మిగతావాటినీ వెనక్కి లాగుతుంది. బిగించిన మనిషికి ఫోన్ చేస్తే "చలికాలమండీ, అందరికీ అంతే" అన్నాడు. నేను గంట గంటకు తీసిన ఫోటోలు, రీడింగ్‌లు పంపించాను. మూడు వారాలు తిరిగాక వచ్చి రెండు ప్యానెళ్ళు మార్చి బిగించాడు. మీరు ముందే జాగ్రత్తపడండి. మీ మిద్దె మీద ట్యాంకు నీడ, పక్కింటి పై అంతస్తు నీడ ఎక్కడిదాకా వస్తుందో సాయంత్రం నాలుగింటికి సుద్దముక్కతో గీత గీయండి. సూర్యుడు దక్షిణానికి వాలే డిసెంబరులో అది ఇంకా పొడుగవుతుందని గుర్తుంచుకోండి. మన అక్షాంశానికి ప్యానెళ్ళు దక్షిణం వైపు పదిహేను డిగ్రీలు వాలి ఉంటే చాలు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. అమ్మేవాళ్ళు ఎవరూ తమంతట తాము చెప్పరు. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. పెట్టించిన నెలకే ఒకరోజు పట్టపగలు పన్నెండింటికి కరెంటు పోయింది. సోలార్ కూడా ఆగిపోయింది. "ఇంత ఎండ కాస్తుంటే మన కరెంటు ఎందుకు పోయిందమ్మా?" అని అత్తమ్మ అడిగింది. లైను మీద ఎవరైనా ఎక్కి పనిచేస్తుంటే మన ఇంటి నుంచి కరెంటు అందులోకి పోకూడదు, అందుకే లైనులో కరెంటు లేదని తెలియగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన ఏర్పాటు, దాంట్లో తప్పు లేదు. బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంది కానీ ఖర్చు బాగా పెరుగుతుంది. మేము కరెంటు పోయినప్పుడు వాడుకునే పాత ఇన్వర్టర్, బ్యాటరీ అలాగే ఉంచుకున్నాం. మీకూ ఉంటే అమ్మేయకండి.

మా వీధిలో చాలామంది సోలార్ పెట్టించాక మోటారు, వాషింగ్ మెషీన్ మధ్యాహ్నమే వేయాలని టెన్షన్ పడుతున్నారు. నెట్ మీటర్‌లో అది అక్కర్లేదు. పగలు మిగిలి లైనులోకి పోయిన యూనిట్లు ఎక్స్‌పోర్ట్‌గా, రాత్రి మనం తీసుకున్నవి ఇంపోర్ట్‌గా పడతాయి. నెలాఖరుకు తేడాకే బిల్లు. ఫిక్స్‌డ్ చార్జీ ఎలాగూ ఉంటుంది కాబట్టి సున్నా అన్న మాట నిజం కాదు.

కడగడం గురించి కాస్త చెప్పాలి. మన దగ్గర దుమ్ము ఎక్కువ. వాన లేని నెలల్లో పది రోజులు వదిలేస్తే వేలితో పేరు రాయొచ్చు. మొదట్లో మేము బోరు నీళ్ళతోనే కడిగాం. మా బోరు నీళ్ళు బాగా గట్టి నీళ్ళు. రెండు నెలలకు అద్దం కింది అంచున, ఫ్రేము ఆనిన చోట, నీళ్ళు నిలిచి ఆరిన దగ్గర తెల్లగా సున్నం గీతలా కట్టింది. గోరుతో గీకినా రాలేదు. వెనిగర్ కలిపిన నీళ్ళతో మెత్తటి గుడ్డ తడిపి, పావుగంట ఆనించి తుడిస్తే వచ్చింది. అప్పటి నుంచి మున్సిపల్ కుళాయి నీళ్ళతో, తెల్లవారుజామున ఎండ పడకముందే కడుగుతున్నాం. కాలే అద్దం మీద చల్లటి నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. మిట్టమధ్యాహ్నం ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. దుమ్ముపట్టి ఉన్నప్పుడు, కడిగిన మర్నాడు రాసుకున్న అంకెల్లో ఒక యూనిట్ తేడా స్పష్టంగా కనిపించింది.

ఎర్తింగ్ గుంతలు కూడా మరిచిపోకండి. మా నేల గరుసు, వేసవిలో బాగా ఎండిపోతుంది. ఎండిన నేలలో ఎర్తింగ్ సరిగా పనిచేయదు. నేను వారానికి ఒకసారి రెండు బిందెల నీళ్ళు ఆ గుంతల్లో పోస్తాను.

కాగితాల పనిలో ఒక్కటే చూసుకోండి. మీటరు ఎవరి పేరున ఉంది? మాది చనిపోయిన మా మామగారి పేరున ఉండింది. దరఖాస్తు, ఆధార్, బ్యాంకు ఖాతా, మీటరు అన్నీ ఒకే పేరున ఉండాలి. సబ్సిడీ పడేది ఆ ఖాతాలోకే. పేరు మార్పించుకోవడానికే మాకు ముందు నెలన్నర పట్టింది. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్ళే పెట్టాలి, బిల్లులో ఆ మాట రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మీ దగ్గరికి వచ్చినాయన చెప్పిన ధర పాతదో కొత్తదో అడగండి.

వీలైతే పోయిన పన్నెండు నెలల బిల్లుల్లోని యూనిట్లు నెలవారీగా ఇక్కడే రాయండి. మీ మిద్దె ఏ దిక్కుకు ఉంది, ట్యాంకు ఏ మూల ఉంది అన్నది కూడా చెప్తే, మా ఇంటి రీడింగ్‌లతో పోల్చి నెల నెలకు ఎంత మిగులుతుందో లెక్క వేసి పంపుతాను.