మా బిడ్డ చేతులు డెంటల్‌కు పనికొస్తాయా?

ప్రశ్న: హైదరాబాద్ గుల్జార్‌హౌజ్ దగ్గర 26 ఏళ్లుగా బంగారం పని చేస్తున్నాను. మా బిడ్డ నీట్ రాసింది. ఎంబీబీఎస్ వచ్చేలా లేదు, బీడీఎస్ సీటు రావచ్చంటున్నారు. చదువులో ఎప్పుడూ ముందే. కానీ సూదిలో దారం ఎక్కించాలన్నా వాళ్లమ్మను పిలుస్తుంది. మా పని తనకు అంటకూడదని చిన్నప్పటి నుంచి పట్టెడ దగ్గరికి రానివ్వలేదు. పళ్ల డాక్టరుకు చేతిపని బాగా రావాలని తెలిసినవాళ్లు అంటున్నారు. లక్షలు పోసి చేర్పించాక చేతకాలేదంటే ఎట్లా?

జవాబు: నమస్తే అండీ. మీకు చెప్పినవాళ్లు నిజమే చెప్పారు. బీడీఎస్‌లో నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ఆ ఐదేళ్లలో పుస్తకం ఎంతో చేతిపని అంత. 720 మార్కుల నీట్ పేపరు మాత్రం చేతి సంగతి అడగదు. కెనడాలో చాలా ఏళ్లపాటు డెంటల్ ప్రవేశ పరీక్షలో సబ్బు ముక్క ఇచ్చి, చెప్పిన కొలతలకు చెక్కమనేవాళ్లు. మన దగ్గర అది లేదు కాబట్టి చాలామంది పిల్లలకు ఈ విషయం కాలేజీలో చేరాకే తెలుస్తుంది.

ఫస్టియర్‌లోనే పిల్లల చేతికి మైనం దిమ్మ, దాన్ని చెక్కే చిన్న కార్వర్ ఇస్తారు. పంటి ఆకారం, గుంటలు, గట్లు, వేరు దగ్గర సన్నబడే తీరు అన్నీ కొలత తప్పకుండా చెక్కాలి. మేడమ్ చూసి బాగాలేదంటే మళ్లీ మొదటి నుంచి. సెకండియర్‌లో ప్లాస్టర్ పళ్లలో, ఆ తర్వాత మనిషి తల ఆకారంలో ఉండే ఫాంటమ్ హెడ్‌కు బిగించిన పళ్లలో కేవిటీలు, అంటే ఫిల్లింగ్ నింపే గుంటలు, కోయిస్తారు. కట్టుడు పళ్ల సెట్లలో ఒక్కో పన్నూ మైనంలో అమర్చడం కూడా అప్పుడే. రోగుల నోట్లో చేతులు పెట్టేది ఇదంతా అయ్యాకే.

ఇక పంటికి తొడిగే లోహపు క్యాప్ పోత పోసే పద్ధతి వినండి. ముందు మైనంతో నమూనా చేస్తారు. దాని చుట్టూ వేడికి తట్టుకునే పొడిని నీళ్లతో కలిపి పోసి గట్టిపడనిస్తారు. కొలిమిలో పెడితే మైనం కరిగిపోయి లోపల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. ఇది మీకు నేను చెప్పాలా? మీరు పోత ఉంగరం చేసేది ఇట్లాగే కదా. మీ బజారులో నగిషీ పనికి వాడే మైక్రోమోటర్ లాంటిదే డెంటల్ ల్యాబులోనూ తిరుగుతుంటుంది. బిడ్డను ఏ పని నుంచి దూరంగా పెట్టారో, ఆమె వెళ్తున్న చదువు ఆ పనికి దగ్గరి చుట్టం. ఇందులో మీ తప్పేం లేదు. తాము పడ్డ కష్టం పిల్లలు పడకూడదని అందరం అనుకుంటాం. కానీ చేతిపని తక్కువ, పుస్తకం ఎక్కువ అన్న లెక్క వైద్యంలో చెల్లదు.

ఈ లోటు మన పిల్లలకే ఉందనుకోకండి. లండన్ ఇంపీరియల్ కాలేజీలో డాక్టర్లకు సర్జరీ శిక్షణ చూసే ప్రొఫెసర్ రోజర్ నీబోన్ 2018లో ఇదే బాధ చెప్పారు. మార్కులు బ్రహ్మాండంగా ఉన్న విద్యార్థులకు కుట్లు వేసే చేతి నేర్పు ఉండటం లేదన్నారు. ఆయన సర్జన్లను టైలర్ల వంటి చేతిపనివాళ్లతో కలిపి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. అలాంటి పనిమంతుడు మీ ఇంట్లోనే ఉన్నాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ రోజు ఆమెకు సూదిలో దారం ఎక్కడం లేదన్నది నాకు పెద్ద విషయంగా అనిపించదు. చెయ్యి సాధనతో కుదురుతుంది. నేను చూసేది ఒక్కటే: చెక్కింది బాగాలేదంటే విసుక్కోకుండా మళ్లీ మొదలుపెడుతుందా? అది కౌన్సెలింగ్ లోపే మీ పట్టెడ దగ్గర తేలిపోతుంది.

ఒక నెలపాటు రోజూ గంటసేపు పక్కన కూర్చోబెట్టుకోండి. మైనం చెక్కించండి, ఆకురాయి పట్టించండి. ఉంగరపు వేలిని దేనికైనా ఆనించి పని చేయడం అలవాటు చేయండి, నోట్లో కూడా డాక్టరు చెయ్యి గాల్లో ఉండదు, పక్క పంటిమీద ఆనుకుంటుంది. ఎంత ఒత్తాలో చెప్పే మీ అనుభవం ఆమెకు చాలా విలువైనది. పళ్లు కోసే ఎయిరోటర్ నిమిషానికి మూడు నాలుగు లక్షల సార్లు తిరుగుతుంది. నమిలే పళ్ల కొనల దగ్గర కూడా పంటి గట్టి పైపొర ఎనామిల్ మందం 2.5 మిల్లీమీటర్లే. ఒత్తిడి కాస్త ఎక్కువైతే బాగున్న పన్ను పోతుంది. ఇంకొకటి, పై పళ్ల వెనక భాగాన్ని చిన్న అద్దంలో చూస్తూ పని చేయాలి, అందులో కదలిక తిరగబడి కనిపిస్తుంది. ఇంట్లో అద్దం ముందు కాగితం పెట్టి, అద్దంలోనే చూస్తూ నక్షత్రం గీతల మీద పెన్సిల్ నడపమనండి. మొదటి రోజు ఎవరికీ రాదు.

చెయ్యి కొద్దిగా అదరడం అందరికీ ఉంటుంది, పరీక్ష టెన్షన్‌లో ఎక్కువవుతుంది. గ్లాసు పట్టుకున్నా, సంతకం పెట్టినా రోజూ కనిపించేంత వణుకుంటే మాత్రం న్యూరాలజిస్టుకు చూపించి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.

పంటి కొలత తీసే స్కానర్లు, క్యాప్ చెక్కే మిల్లింగ్ మెషీన్లు వచ్చాయి, ఇక చెయ్యి ఎందుకని ఎవరైనా అనొచ్చు. మెషీన్ క్యాప్ తయారు చేస్తుంది, నిజమే. ఆ క్యాప్ కూర్చునేలా పన్నును అరగదీసేది డాక్టరు చెయ్యే. అంచు సరిగా లేకపోతే స్కానర్ ఆ తప్పునే ఫొటో తీస్తుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూడకండి. వారం మధ్యలో ఒక పొద్దున వెళ్లి ఓపీలో ఎంతమంది రోగులున్నారో చూడండి. ముందు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్లి రండి, అక్కడి ఓపీని చూశాక ప్రైవేటు కాలేజీలను పోల్చుకోవడం తేలిక. రోగులు రాని కాలేజీలో చెయ్యి తిరగదు. ఫాంటమ్ హెడ్‌లు ఎన్ని, ఒక్కోదానికి ఎంతమంది పిల్లలు అని ఫైనలియర్ వాళ్లను అడగండి, ఆఫీసులో కాదు.

నెల తర్వాత ఆమెకు ఆ పని మీద ఇష్టం కలగకపోతే బలవంతం చేయవద్దు. ఫార్మసీ ఉంది, మైక్రోబయాలజీ ఉంది. ఇష్టం కలిగితే ధైర్యంగా చేర్పించండి. ఆకురాయి పట్టించేటప్పుడు మాత్రం కళ్లకు అద్దాలు పెట్టించడం మర్చిపోకండి.