నాన్నకు మతిమరుపు మొదలైంది, జీపీఏ రాయించుకుంటే సరిపోతుందా?

ప్రశ్న: మాది తెనాలి. నాన్నగారికి 74 ఏళ్లు, రిటైర్డ్ టీచర్. ఈమధ్యే డాక్టరు అల్జీమర్స్ మొదటి దశ అన్నారు. అందర్నీ గుర్తుపడుతున్నారు, పేపరు చదువుతున్నారు. సాయంత్రమైతే మాత్రం తికమక పడుతున్నారు. ఆయన కట్టించిన ఇల్లు, తాతగారి నుంచి వచ్చిన ఎకరంన్నర పొలం, కొన్ని ఎఫ్‌డీలు ఉన్నాయి. నా పేర జీపీఏ (ఆయన తరఫున పనులు చూసే అధికారం ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుంటే ఇకపై అన్నీ నేనే చూసుకోవచ్చని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా? ఇప్పుడు వీలునామా రాస్తే చెల్లుతుందా? తమ్ముడు అమెరికా నుంచి సంక్రాంతికి వస్తాడు, అప్పటిదాకా ఆగుదామని అమ్మ అంటోంది.

జవాబు: జీపీఏ మీద పెట్టుకున్న ఆశ ముందు వదులుకోండి. మీకు అది అవసరమయ్యే రోజునే అది చెల్లకుండా పోతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం అక్కడితో రద్దు. రిజిస్టర్ చేయించినా అంతే. అమెరికా, ఇంగ్లండ్‌లలో మతి తప్పాక కూడా పనిచేసే పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. మన చట్టంలో లేదు. నాన్నగారు మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితికి వచ్చాక ఆ కాగితంతో ఇల్లు అమ్మితే, కొన్నవాడు కూడా మీతోపాటు కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. ఆయన బాగున్నంత కాలం పనులు చక్కబెట్టడానికైతే జీపీఏ పనికొస్తుంది.

వీలునామా సంగతి వేరు. అల్జీమర్స్ అని చీటీలో రాసినంత మాత్రాన వీలునామా రాసే అర్హత పోదు. మతి సరిగా లేని వ్యక్తి కూడా తెలివిగా ఉన్న సమయంలో రాస్తే చెల్లుతుందని 1925 వారసత్వ చట్టం 59వ సెక్షనే చెబుతోంది. తన ఆస్తి ఏమిటి, తనవాళ్లెవరు, ఎవరికి ఏమిస్తున్నాను అన్నది ఆ పూట ఆయనకు తెలియాలి. ఓసారి ఒక పెద్దాయనను మా ఆఫీసుకు తీసుకొచ్చారు. పిల్లల్ని బయట కూర్చోబెట్టి, పొద్దున ఏం టిఫిన్ తిన్నారని అడిగితే చెప్పలేకపోయారు. పొలం హద్దులు అడిగాను. ‘తూర్పున కాలవ, పడమర మా పెదనాన్న చేను’ అని నాలుగూ వరసగా చెప్పి, చిన్నమ్మాయికి ఎందుకు కాస్త ఎక్కువ ఇస్తున్నారో కూడా వివరించారు. ఆ వీలునామా రాయడానికి నేను వెనకాడలేదు.

మీరు పొద్దుటి పూట పెట్టుకోండి. అదే రోజు ఆయన్ని చూసే డాక్టరు చేత ‘స్పృహతో, అర్థం చేసుకునే స్థితిలో ఉన్నారు’ అని సర్టిఫికెట్ తీసుకోండి. ఆ డాక్టరే ఒక సాక్షిగా సంతకం పెడితే మరీ మంచిది. సాక్షులు కనీసం ఇద్దరు ఉండాలి. ఆస్తి వచ్చేవాళ్లు ఉండకూడదన్నది నా మాట. నాన్నగారి ఈడు స్నేహితుల్ని పెట్టకండి. రేపు కోర్టులో వీలునామా నిరూపించాలంటే సాక్షుల్లో ఒకరైనా బతికుండి వచ్చి చెబితేనే తేలిక. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా మీ కేసులో చేయించమనే అంటాను. కదల్లేకపోతే కారణం చూపించి సబ్ రిజిస్ట్రార్‌ని ఇంటికే రమ్మని కోరవచ్చు.

ఇల్లు స్వార్జితం కాబట్టి ఎవరికైనా రాయొచ్చు. పొలం పిత్రార్జితమైతే తన వాటా వరకే. అందులో మీకూ మీ తమ్ముడితో సమానంగా హక్కుంది.

ఎఫ్‌డీలకు నామినీని పెట్టాం కదా అని ఊరుకోకండి. నామినీ డబ్బు తీసుకుని వారసులకు అప్పజెప్పే మనిషే తప్ప యజమాని కాదు. ఆ డబ్బు ఎవరికన్నది వీలునామాలో రాయాలి. పెన్షన్ ఖాతాలో అమ్మగారి పేరు కూడా చేర్చి, ఇద్దరిలో ఎవరి సంతకమైనా చెల్లేలా ఇప్పుడే మార్పించండి.

ఇవేవీ చేయకుండా పరిస్థితి చేయి దాటితే కోర్టే గతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ కింద పరిమిత గార్డియన్ (ఆయనతో సంప్రదించి నిర్ణయాలు తీసుకునే సంరక్షకుడు) కోసం అడగాలి, లేదా గార్డియన్‌ను నియమించమని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలి. మెడికల్ రిపోర్టులు, ఆస్తుల చిట్టా, మిగతా వారసుల అంగీకారం, మధ్యలో వాయిదాలు. ఆసుపత్రి బిల్లులు మాత్రం వాయిదా పడవు.

మీరు అడగలేదు గానీ, వైద్యం గురించి కూడా నాన్నగారిని ఇప్పుడే అడగండి. ఇక కోలుకునే ఆశ లేదని తేలాక వెంటిలేటర్ వద్దు అనుకుంటే ఆ మాట ముందే రాసిపెట్టొచ్చు. సుప్రీంకోర్టు 2018లో దీనికి ఒప్పుకుంది. మొదట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలనడంతో ఎవరూ ఆ జోలికి పోలేదు. 2023 జనవరిలో దాన్ని సడలించారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధృవీకరణ చాలు. తన తరఫున నిర్ణయం చెప్పాల్సిన వాళ్ల పేర్లు అందులో రాయాలి. మీ పేరా, తమ్ముడి పేరా అన్నది ఆయన ఇష్టం.

ఇక సంక్రాంతి దాకా ఆగడం గురించి. ఆగకండి. వీటిలో మీ తమ్ముడు సంతకం పెట్టాల్సింది ఒక్కటీ లేదు. ముందే ఫోన్‌లో అన్నీ చెప్పండి, నాన్నగారి చేతే చెప్పిస్తే ఇంకా మేలు. డాక్టరు అపాయింట్‌మెంట్ మాత్రం ఈ వారమే తీసుకోండి.