మామయ్యకు ఆయన ఆదివారం సాయంత్రం తిరిగి ఇవ్వండి

మాది హన్మకొండ, నయీంనగర్. మా మామయ్య రిటైర్డ్ హెడ్‌మాస్టర్, 67 ఏళ్లు, షుగర్ ఉంది. ప్రతి ఆదివారం బాలసముద్రంలో ఒక మిత్రుని డాబా మీద పాత పాటలు పాడుకునే బృందం వాళ్లది. ఈ 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో అది ఆగిపోయింది. వాట్సాప్ గ్రూపు ఉంది గాని అందులో గుడ్ మార్నింగులు, గొడవలే. సెప్టెంబర్ 25న గాయకుడు ఎస్పీ బాలు పోయినప్పటి నుంచి మామయ్య సరిగా తినడం లేదు. ఇప్పుడు ఒక ఫంక్షన్ హాల్లో బాలు పాటలతో సంస్మరణ సభ పెడుతున్నారట, పోతానంటున్నారు. మా ఆయన కోపంలో ‘సచ్చినాయన కోసం నువ్వు సస్తవా’ అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నేను నలిగిపోతున్నా. ఏం చేయమంటారు?
– ఒక కోడలు (ఉత్తరంలో కొంత భాగమే ఇది)

అమ్మా, ముందు హాలు సంగతి తేల్చేద్దాం. ఆయన వెళ్లకూడదు. ఈ ఒక్క విషయంలో నేను మీ ఆయన పక్షమే. ఊరికే కూర్చుని మాట్లాడుకునే సభ వేరు, పాటల సభ వేరు. గొంతెత్తి పాడితే మామూలు మాటల్లో కన్నా ఎక్కువ తుంపరలు బయటికొస్తాయి, గాలాడని హాల్లో అవి చాలాసేపు అక్కడే ఉంటాయి. ఈ 2020 మార్చి 10న అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రం స్కాజిట్ లోయలో ఒక బృందగానం రిహార్సల్ జరిగింది. 61 మంది రెండున్నర గంటలు కలిసి పాడారు. అందులో ఒక్కరికి జలుబులాంటి లక్షణాలున్నాయి. ఆ తర్వాత పరీక్షల్లో తేలినవి, అనుమానించినవి కలిపి 53 మందికి జబ్బు వచ్చింది. ఇద్దరు చనిపోయారు. వాళ్లు కూడా మీ మామయ్యలాంటి వాళ్లే, వారానికోసారి కలిసి పాడుకునే పెద్దవాళ్లు.

ఇది ఉన్నదున్నట్టు మామయ్యకు చెప్పండి. బడి నడిపిన మనిషి, లెక్క చూపిస్తే వింటారు. గద్దిస్తే వినరు.

ఇక మీ ఆయన అన్న మాట. ఆపడంలో తప్పు లేదు, ఆ మాటలోనే ఉంది తప్పు. కొడుకు నోట అది విన్నాక ఏ తండ్రి గొంతులో ముద్ద దిగుతుంది? భయంతోనే అన్నాడని మీకూ నాకూ తెలుసు, ఆయనకూ తెలిసే ఉంటుంది. అయినా మీ ఆయన వెళ్లి పక్కన కూర్చుని ‘బాపూ, నేనట్ల అనకుండా ఉండాల్సింది’ అని చెప్పాలి. హాలు సంగతి ఆ పూట ఎత్తొద్దు. రెండూ కలిపి చెబితే మొదటిది చెవికెక్కదు. మీరు ఇద్దరి మధ్యా కబుర్లు మోయడం కూడా మానేయండి. మీ ఆయన చెప్పాల్సింది మీ ఆయనే చెప్పాలి.

ఆగస్టు వానలకు మీ కాలనీలోకి నీళ్లొచ్చినప్పుడు చుట్టాల కన్నా ముందు ఫోన్ చేసింది పాటల బృందం వాళ్లేనని రాశారు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అదేనమ్మా. ‘ఈ వయసులో పాటల పిచ్చేంది’ అని ఇంట్లో అంటున్నారట. పాట ఒక్కటే అయితే ఇంట్లో కూర్చుని పాడుకునేవారు, ఎవరు వద్దన్నారు? ఐదు దాటినా ఆయన కనపడకపోతే ‘సారు ఇంకా రాలేదేంది?’ అని ఫోన్ చేసేవాళ్లు అక్కడున్నారు. తన కోసం ఎవరో ఎదురుచూడటం, అదీ ఆయనకు పోయింది. ఈ ఏడు వేయిస్తంభాల గుడి దగ్గర ఎప్పటిలా బతుకమ్మ ఆడే వీల్లేకపోతే మీకెలా ఉంటుందో ఆలోచించండి. ఆయనకు మార్చి నుంచి ప్రతి ఆదివారమూ అలాగే గడిచింది.

వాట్సాప్ గ్రూపు ఆ లోటు తీర్చదు. అందులో రోజంతా అందరూ ఉంటారు, ఏ ఒక్క వేళకూ కలవరు. ఆగస్టు 20 గుర్తు చేసుకోండి. సాయంత్రం ఆరింటికి అభిమానులు ఎక్కడివాళ్లక్కడ బాలు పాట పెట్టుకుని ఆయన కోలుకోవాలని ప్రార్థించారు. మీ మామయ్య కూడా ఫోన్లో పాట పెట్టి కళ్లు మూసుకుని కూర్చున్నారని, ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువే తిన్నారని మీరే రాశారు. అదే నిమిషంలో తనవాళ్లంతా తనలాగే కూర్చున్నారని ఆయనకు తెలుసు. వైద్యం అక్కడే ఉంది.

కాబట్టి ఆదివారం ఐదింటి వేళను మళ్లీ నిలబెట్టండి, వీడియోలో. వాట్సాప్ వీడియో కన్నా జూమ్ మేలు. ఉచితంగా వాడితే 40 నిమిషాలకు ఆగిపోతుంది, చాయ్ తాగి మళ్లీ కలవండి. మీ ఆయన ల్యాప్‌టాప్ ఆ గంటన్నర మామయ్యకు ఇవ్వాలి, దాన్ని పెట్టి చూపే పని కూడా మీ ఆయనే చేయాలి. క్షమాపణ తర్వాత చేతులతో చేసే పని ఏదైనా ఉంటే మంచిది. రెండు మూడు వారాలు దగ్గరుండి చూపించి, తర్వాత ఆయన్నే చేసుకోనివ్వండి.

కొన్ని చిక్కులు ముందే చెబుతాను, లేకపోతే మొదటి రోజే విసుగొచ్చి మానేస్తారు. ఇద్దరు కలిసి పాడబోవద్దు. నెట్‌లో గొంతు కాస్త ఆలస్యంగా చేరుతుంది, తాళం ఎవరికీ కుదరదు. యుగళగీతమైతే ఒక చరణం ఒకరు, ఇంకో చరణం ఒకరు పాడాలి. ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు మైకు మూసుకోవాలి, పాట అయ్యాక తెరిచి చప్పట్లు కొట్టాలి. బొమ్మల చప్పట్లు చాలవు, నిజం చప్పట్లు వినపడాలి. పక్కన ఫోన్లో కరోకే ట్రాక్ పెట్టుకుని పాడితే జూమ్ ఆ వాయిద్యాలను గోల అనుకుని నొక్కేస్తుంది. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేస్తే తబలా బతుకుతుంది.

బృందంలో కీప్యాడ్ ఫోన్ ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్లను వదిలేయొద్దు. మామయ్య తన ఫోన్ నుంచి వాళ్లకు మామూలు కాల్ చేసి, స్పీకర్ ఆన్ చేసి ల్యాప్‌టాప్ పక్కన పెడితే చాలు. వాళ్లు పాడింది అందరికీ వినపడుతుంది, అందరిదీ వాళ్లకు వినపడుతుంది. గరగరలాడుతుంది, పర్వాలేదు.

ఇంకొకటి. సెప్టెంబర్ 1న ఆన్‌లైన్ క్లాసులు మొదలైనప్పటి నుంచి మామయ్య ఫోన్ మనవడి చేతిలోనే ఉంటోందన్నారు. అంటే ఆయన డాబా ఒక్కటే కాదు, ఫోనూ పోగొట్టుకున్నారు. క్లాసు కాగానే ఆ ఫోన్ ఆయన చేతికే రావాలి. ఆయన అడగాల్సిన అవసరం రాకూడదు.

ఫోన్ వచ్చాక ఆయనకు ఒక పని అప్పగించండి. మార్చి నుంచి గ్రూపులో ఒక్క మాటా రాయనివాళ్లు ఎవరో చూసి, రోజుకొకరికి ఫోన్ చేయమనండి. గుడ్ మార్నింగ్ పంపేవాళ్లు ఎలాగూ బాగానే ఉంటారు, నా దిగులంతా చప్పుడు చేయనివాళ్ల గురించే. ఏళ్ల తరబడి హాజరు పిలిచిన మనిషికి ఎవరు తప్పిపోయారో వెతకడం ఒకరు నేర్పాలా?

ఒక జాగ్రత్త. తిండి, నిద్ర ఇలాగే ఇంకో వారం పది రోజులు సాగితే డాక్టర్‌కు చూపించండి. షుగర్ మాత్రలు వేసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోవచ్చు, చెమటలు పట్టినా చేతులు వణికినా ఆలస్యం చేయొద్దు. ‘ఇంకెందుకు బతకడం’ లాంటి మాట ఒక్కసారి విన్నా ఒంటరిగా వదలకండి, ఆ రోజే మానసిక వైద్యులతో మాట్లాడండి.

సంస్మరణ సభ కూడా ఆ జూమ్‌లోనే పెట్టుకోవచ్చు, మనిషికో బాలు పాట. ఆగస్టు 5న పెట్టిన వీడియోలో బాలు ఏమన్నారో ఆయన అభిమానికి నేను గుర్తు చేయక్కర్లేదు. కరోనా సోకాక, ఇంట్లో ఉండొచ్చని డాక్టర్లు చెప్పినా, ఇంట్లోవాళ్లకు ఇబ్బంది కాకూడదని ఆస్పత్రిలో చేరానన్నారు. హాలు మాట్లాడిన మిత్రునికి మీరు గానీ మీ ఆయన గానీ ఫోన్ చేయొద్దు. కొడుకు వెళ్లనివ్వలేదన్న పేరు పడితే మామయ్య తలెత్తుకోలేరు. ఆ 61 మంది సంగతి మామయ్యనే చెప్పనివ్వండి, ‘ఆదివారం ఐదింటికి మా ఇంటి నుంచి నేను పెడతా, అందరూ రండి’ అని పిలవనివ్వండి. ఆ హాలుకు పోనివ్వాలా వద్దా అని మీలాగే మథనపడుతున్న కోడళ్లు, కొడుకులు ఆ బృందంలో ప్రతి ఇంట్లోనూ ఉంటారు. హాలుకు అడ్వాన్సు కట్టకముందే ఆ ఫోన్ వెళ్లేలా చూడండి.